గురియు గుండెదిటవును



గడచిన మాసమున ఒక సోదరి మాకొక ఉత్తరము వ్రాసిరి. వారి కుమార్తె కళాశాలలో చదువుచు డార్టుల ఆటలో మంచి పేరు తెచ్చుకొన్నదట. ఇంటిలో సాధన చేయునపుడు కోరిన గడిలో డార్టు గ్రుచ్చుకొనునట. పోటీలో మాత్రము, ఇక నొక్క డార్టు సరిగా పడిన గెలుపు తనదే యనునంతలో, చేయి బిగిసిపోవుచున్నదట. రెండు పోటీలు ఇట్లే పోయినవి. "ఇది నీకు తగిన ఆట కాదు, మానివేయుము" అని తండ్రిగారనుచున్నారు. పిల్ల తన గదిలోని బోర్డును గోడవైపునకు త్రిప్పి పెట్టినది. ఏమి చేయవలెనని తల్లి ప్రశ్న.

ఈ ప్రశ్నకు జవాబు వ్రాయుటకు మాకు గల అర్హత యొక్కటే. ఆ బిగిసిన చేయి యెట్టిదో మాకును తెలియును. ఆ సంగతి తరువాత చెప్పెదము. ముందుగా ఆట యెరుగని వారికొరకు నాలుగు మాటలు.

ఇది ఇంగ్లండు దేశపు సారాయంగళ్లలో పెరిగిన ఆట. ఆ పెంపకమును తలచి, ఇది మన యిండ్లకు రాదగినది కాదనువారు కలరు. 1937లో ఆరవ జార్జి రాజును, ఎలిజబెత్తు రాణియు స్లౌ పట్టణమున ఒక జనసంఘ మందిరమును చూడబోయి అక్కడ డార్టులు విసరిరి. రాణిగారి లెక్క రాజుగారి లెక్కను మించెను. ఆ వార్త పత్రికల కెక్కిన పిమ్మట ఆ దేశపు స్త్రీలనేకులు ఈ ఆటను పట్టిరి. రాణి పేరు చెప్పి ఆటకు గౌరవము తేవలెనని మా యుద్దేశము కాదు. ఒక గోడ, ఎనిమిదడుగుల నేల, అరగంట తీరిక యున్న చాలును. ఇంతకంటె తక్కువ అడుగు ఆట మరియొకటి మాకు తెలియదు.

పూర్వము ఎల్మ్ అను చెట్టు మొద్దును కోసి పలక చేసెడివారు. ఆట ముగిసిన పిదప దానిని రాత్రి నీటిలో నానవేసెడివారు, కన్నములు పూడుటకు. ఇప్పటి మంచి పలకలు సిసల్ అను కిత్తనారతో చేసినవి. చీపురుకట్టను బిగించి కట్టి అడ్డముగా కోసిన కొనలెట్లుండునో, పలక ముఖము అట్లుండును. డార్టు పోగుల నడుమ దూరును. తీసినంతనే పోగులు మరల దగ్గరకు చేరును. పలక నడిబొడ్డు నేలనుండి 5 అడుగుల 8 అంగుళముల ఎత్తున ఉండవలెను. ఆడువారు నిలుచు గీత పలక ముఖమునకు 7 అడుగుల 9¼ అంగుళముల దూరమున ఉండవలెను. ఇరువది గడులు, వాని వెలుపలి అంచున నున్న సన్నని వలయము డబుల్, లోపలి సన్నని వలయము ట్రిబుల్. ఈ వలయముల వెడల్పు 8 మిల్లీమీటర్లు, అనగా చిటికెనవ్రేలి గోరంత. నడిబొడ్డు 50, దాని చుట్టు 25. విసరువారికి వంతునకు మూడు డార్టులు. పిల్లలున్న యింట డార్టులు పెట్టెలో తాళమువేసి యుండవలెను. తలుపునకు బోర్డు తగిలింపరాదు. ఇది చెప్పకపోయిన మా అత్తగారు మమ్ము క్షమింపరు.

ఇక చేతిపని. కుడిచేతివారు కుడిపాదమును గీతకడ నుంచి, బరువు దానిపై మోపి, కొంచెము ముందునకు వ్రాలి నిలువవలెను. ఎట్లు నిలిచినను దోషము లేదు, ప్రతిసారియు అట్లే నిలిచిన చాలును. డార్టును రెండు మూడు వ్రేళ్లతో, దాని బరువు సరితూగుచోట పట్టవలెను. సూదిలో ఎక్కించునపుడు దారమును పట్టునంత బిగింపే చాలును. కొత్తవారందరును డార్టును దొంగను పట్టినట్లు పట్టుదురు. గోళ్లు తెల్లబడునంత పట్టిన చేయి సమయమునకు విడువలేదు. విసరుటలో ముంజేయి మాత్రము కదలవలెను. బందు నిలిచియుండ తలుపు తిరిగినట్లు, మోచేయి నిలిచియుండ ముంజేయి వెనుకకు వచ్చి ముందునకు పోవలెను. డార్టు పోయిన పిమ్మట చేయి గురివైపునకే చాచి యుండవలెను, బిడ్డకు చందమామను చూపునట్లు. విసరిన వెంటనే చేయి క్రిందికి దిగలాగుకొనువారి డార్టు, ఆ లాగుటను ముందే తెలిసికొన్నట్లు, క్రింద పడును.

కన్ను సంగతి. ద్రోణుని పరీక్షలో అర్జునునకు పక్షి కన్ను మాత్రమే కానవచ్చెనని లోకము చెప్పుకొనును గాని, వ్యాసభారతమున నున్నది పక్షి శిరస్సు. ఏదైనను తాత్పర్యమొక్కటే. "ఇరువది గడిని కొట్టెద" నని చూచిన చూపు గడియంతయు చెదరును. ఆ గడిలో తీగకు తగిలిన ఒక్క మూలను, ఒక్క పోగును చూడవలెను. చూపు చిన్నదైన కొలది తప్పును చిన్నదగును.

మన తప్పులను చదువుకొనుటకు ఒక ఉపాయము కలదు. ఒకే చోటు గురిచూచి ముప్పది డార్టులు విసరి, అంకములు లెక్కింపక, అవి పడిన చోటులను మాత్రము కాగితముపై చుక్కలుగా పెట్టుడు. చుక్కలు నిలువున చెదరిన, డార్టును విడుచు క్షణము మారుచున్నదని అర్థము: ముందు విడిచిన పైకి, ఆలస్యముగా విడిచిన క్రిందికి. అడ్డముగా చెదరిన, మోచేయి గాని భుజము గాని ప్రక్కకు పోవుచున్నదని అర్థము. చుక్కలన్నియు ఒకే గుంపుగా, కాని వేరుచోట పడిన, సంతోషింపుడు. చేయి కుదిరినది, చూపు చోటును కొంచెము జరిపిన చాలును. ఆ గుంపును చూచి విసుగుకొని చేతిపనిని మార్చుకొనువారే ఎక్కువమంది.

ఇంతవరకు చెప్పినది ఎవరైనను చెప్పగలరు. మాకు ఈ ఆటలో మిక్కిలి యిష్టమైనది పలకమీది అంకెల వరుస. అన్నింటికంటె పెద్ద యంకె 20. దాని కిరుప్రక్కల నున్నవి 5, 1. పెద్దదానికి ఆశపడి రవ్వంత తప్పిన వానికి మిగులునది చిల్లర. మూడు డార్టులును 20, 5, 1 పడిన మొత్తము 26. ఈ లెక్కకు ఆంగ్లేయులు "పడకయు, ప్రొద్దుటి ఫలహారమును" అని ఎగతాళి పేరు పెట్టిరి. పూర్వము అక్కడి పూటకూళ్లయింట ఆ రెంటికి రెండు షిల్లింగుల ఆరు పెన్నీలు, అనగా రెండును ఆరును. అదే 19 కి ఇరుప్రక్కల 3, 7, మొత్తము 29. ఎడమవైపున 14 కి ఇరుప్రక్కల 11, 9, మొత్తము 34. చేయి ఇంకను చెదరుచున్న వారికి ఏది మేలో ఈ లెక్కయే చెప్పుచున్నది. 2011లో అమెరికా దేశపు గణాంకశాస్త్రజ్ఞులు ముగ్గురు దీనినే గణితముతో పరిశీలించి, చేయి మిక్కిలి కుదిరినవారే ట్రిబుల్ 20 ని కోరవలెననియు, కొంచెము తక్కువ కుదిరినవారికి ట్రిబుల్ 19 మేలనియు, చేయి మరింత చెదరుచున్న కొలది గురి పలక ఎడమవైపునకు జరిగి కడకు నడిమిని చేరవలెననియు ప్రకటించిరి. తన తప్పు ఎంతయో ఎరిగి, ఆ తప్పునకును ఏదో యొకటి దక్కుచోట గురిపెట్టుకొనుట పిరికితనము కాదు.

ఆట ముగింపున ఇది మరింత ఎక్కువగా నిజము. ఆట 501 తో మొదలై తగ్గుచు వచ్చును. కడపటి డార్టు డబుల్ గడిలో పడి లెక్క సరిగా సున్నకు రావలెను. ఎక్కువైనను, ఒకటి మిగిలినను ఆ వంతు చెల్లదు. కావున మిగులు లెక్కను ఎక్కడకు తెచ్చుకొందుమన్నది పెద్ద విద్య. మిగిలినది 38 అనుకొందము. డబుల్ 19 కావలెను. డార్టు లోపలికి తప్పి ఒంటి 19 పడిన, మిగులునది 19. అది బేసి, డబుల్ లేదు, మరియొక డార్టు ఖర్చుపెట్టి సరి చేసికొనవలెను. మిగిలినది 32 అయినచో? డబుల్ 16 కావలెను. లోపలికి తప్పి ఒంటి 16 పడిన, మిగులునది 16, డబుల్ 8 సిద్ధముగా నున్నది. అదియు తప్పి ఒంటి 8 పడిన డబుల్ 4. అదియు తప్పిన డబుల్ 2. అదియు తప్పిన డబుల్ 1. లోపలికి నాలుగుమార్లు తప్పినను ఇంకను ఒక తలుపు తెరచియే యుండును. గొప్ప ఆటగాండ్రు అంత దూరమునుండియే లెక్క వేసికొని 32 నకో 40 కో వచ్చుటకు కారణమిదియే. చేయి తప్పదను ధీమాతో గాక, తప్పిన నేమి చేయుదుమో ముందే యెరిగి వారు గీతకడకు వత్తురు.

ఇప్పుడు బిగిసిన చేతి సంగతి. ఆంగ్లేయులు దీనికి డార్టైటిస్ అని పేరు పెట్టిరి. చేయి వెనుకకు వచ్చును, ముందునకు పోవును, వ్రేళ్లు మాత్రము విడువవు. ఎరిక్ బ్రిస్టో అను ఆంగ్లేయుడు 1980, 1981, 1984, 1985, 1986 సంవత్సరములలో ప్రపంచ విజేత. అట్టివానికి 1986 చివర ఈ జాడ్యము పట్టినది. అతడు ఆట మానలేదు. అటుపిమ్మట 1987, 1989, 1990, 1991 లలో కడపటి ఆటవరకును వచ్చెను గాని ప్రపంచ విజేత మరల కాలేదు. 1990లో అతనిని ఓడించిన ఫిల్ టేలర్, అతడే ధనమిచ్చి పైకి తెచ్చినవాడు. ఐదుమార్లు గెలిచిన చేతికే ఇట్లయిన, కళాశాల పిల్లను "నీకు గుండె లేదు" అనుట అన్యాయము. ఇది చేతగానివారికి వచ్చు జబ్బు కాదు. చేయి తనంతట తాను చేయనేర్చిన పనిని మనస్సు మధ్యలో దూరి పర్యవేక్షింపబోయినపుడు వచ్చును. మెట్లు దిగునపుడు ఏ పాదము ముందో ఆలోచించి చూడుడు, తెలియును.

మా సంగతి. ఇంగ్లండులో ఉద్యోగము చేయు మా మరిది 2022లో ఈ బోర్డు తెచ్చియిచ్చెను. వంటయు, పిల్లల చదువులును ముగిసిన పిమ్మట పెరటి వసారాలో అరగంట మాదిగా గడచెడిది. 2023 సంక్రాంతికి మా ఆడుబిడ్డ కుటుంబముతో వచ్చెను. అందరును వసారాలో చేరిరి. మాకు 32 మిగిలినది. "ఇంకేమున్నది వదినా, ఒక్కటేగా!" అని ఆమె అనెను, ప్రేమతోనే అనెను. మొదటి డార్టు ఒంటి 16. రెండవది తీగ దాటి వెలుపల పడెను. మూడవది చేతిలోనే నిలిచిపోయెను. ముంజేయి మూడుమార్లు ఆడెను, వ్రేళ్లు విడువలేదు. ఎట్టకేలకు విడిచిన డార్టు పలకకు చేరక గోడక్రింద పడెను. అందరును నవ్విరి. మేమును నవ్వితిమి.

పండుగ ముగిసి చుట్టములు వెడలిరి గాని అది వెడలలేదు. మరునాడు ఎవరును లేని వేకువను కూడ చేయి విడువలేదు. మా అత్తగారు చూచి, "ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోయినట్టుందేమే అమ్మాయీ!" అనిరి. అంతకంటె సరిగా ఆ జబ్బును వర్ణించినవారు లేరు. ఒక నెల బోర్డుమీద గుడ్డ కప్పితిమి. ఆ అరగంట పోయినపుడు, దినములో మాదియన్నది ఏదియు లేదని తెలిసినది. ఉత్తరము వ్రాసిన సోదరి కుమార్తె బోర్డును గోడవైపునకు త్రిప్పుటలోని బాధను మే మందుచేత ఎరుగుదుము.

మరల మొదలుపెట్టినది ఇట్లు. పలకచుట్టు అంకెలున్న తీగవలయము ఊడివచ్చును. దానిని తీసి దాచితిమి. అంకెలు లేని పలకకు గెలుపు లేదు, ఓటమి లేదు. గీతకు పోక, మూడడుగుల దూరమున నిలిచి, ఊపిరి మెల్లగా విడుచుచు, ఆ విడుపుతోనే డార్టును కూడ విడిచితిమి. ఎక్కడ పడినదో చూడలేదు. వారమునకు అడుగు చొప్పున వెనుకకు జరిగితిమి. గీతకు చేరుటకు ఆరు వారములు పట్టినది. అప్పుడు వలయమును మరల తగిలించితిమి.

తరువాత రెండు నియమములు పెట్టుకొంటిమి. మొదటిది, లెక్క యంతయు గీతకు వెనుకనే. ఎంత మిగిలినది, ఏ గడి, తప్పిన ఏ గడి, అన్నది గీతకు రాకముందే తేల్చుకొనవలెను. గీతకడ నిలిచిన పిమ్మట చూపు, ఊపిరి, విడుపు, నాలుగవది లేదు. నడుమ "ఇది పడిన గెలుపు" అను మాట మనస్సున మెదలిన, డార్టు దించి గీతనుండి వెనుకకు అడుగువేసి మరల రావలెను. ఎవరేమనుకొన్నను సరియే. రెండవది, భయపడు లెక్కతోనే సాధన మొదలుపెట్టవలెను. ప్రతిదినము మొదట 32. డబుల్ పడువరకును ఎన్ని డార్టులు పట్టినవో పుస్తకమున వ్రాసితిమి. మొదటి దినము నలుబది ఒకటి. అంకె తగ్గుట ముఖ్యము కాదు. 16, 8, 4, 2, 1 అను త్రోవ మంచినీళ్ల బావికి పోవు దారివలె కాళ్లకు అలవాటగుట ముఖ్యము. ఒంటరి సాధన చాలదని తోచి మా అత్తగారిని కుర్చీ వేసికొని కూర్చుండి మాటలాడుచుండుడని కోరితిమి. ఈ విషయమున వారి సహాయము అపారము.

స్త్రీలకు గుండెదిటవు తక్కువయని ఇంకను అనువారికి ఒకటి రెండు సంగతులు. 2019 డిసెంబరు 17న లండనులోని అలెగ్జాండ్రా ప్యాలెస్‌లో ఫాలన్ షెరాక్ అను ఆంగ్లవనిత టెడ్ ఎవెట్స్‌ను 3-2 సెట్లతో ఓడించి, ఆ ప్రపంచపు పోటీలో పురుషునిపై గెలిచిన మొదటి స్త్రీ యయ్యెను. కడపటి డార్టు డబుల్ 18. నాలుగు దినములకు మెన్సుర్ సుల్యోవిచ్‌ను 3-1 తో ఓడించెను. 2025 అక్టోబరులో యువజనుల ప్రపంచ పోటీలో బో గ్రీవ్స్ అను యువతి, ఆ యేటి ప్రపంచ విజేతయగు ల్యూక్ లిట్లర్‌ను 6-5 తో గెలిచెను. ఆ లెక్కను చూడుడు. చెరి యైదు గెలిచి, మిగిలిన యొక్క ఆటతో తేలినది.

కావున ఆ సోదరికి మా జవాబు: తండ్రిగారిని రెండు నెలలు ఊరకుండుమని వేడుకొనుడు. పిల్లను ఓదార్చుటకై "నీవు తప్పక గెలిచెదవు" అని చెప్పకుడు. ఆ మాటయే చేతికి బరువు. పలకను ఇటు త్రిప్పి, అంకెల వలయమును మీరే తీసి మీ బీరువాలో దాచుడు. పిల్ల అడిగినపుడే ఇయ్యుడు. ఇచ్చిన పిమ్మట, ఆమె విసరుచుండగా మీరు ప్రక్కన కూర్చుండి కూరలు తరుగుచు ఏదో యొకటి మాటలాడుచుండుడు. పడినను, పడకున్నను తలయెత్తి చూడకుడు.

మా ఆడుబిడ్డ ఈ వేసవికి మరల వచ్చుచున్నది. నిన్న పలకను తుడుచుచు చూడగా, డబుల్ 16 చుట్టును నార రేగి మెత్తబడి యున్నది. తక్కిన గడులు కొత్తవిగానే యున్నవి. వలయమును ఊడదీసి, పలకను రెండు గడులు జరిపి మరల తగిలించితిమి. ఒక్క గడి జరుపరాదు, 20 ఎప్పుడును నల్లగడిపైననే యుండవలెను.